ఒకే ఒంటికి రెండు పేర్లు

అపా గొడ్లపాక కప్పు మీదికెక్కి కూర్చుని అప్పటికి నాలుగు గంటలైంది.

తెల్లవారుతూనే ఎక్కింది. ఎక్కి, నిచ్చెనను కూడా పైకి లాగేసుకుంది. చలికాలమంతా మేపగా మిగిలిన ఎండుగడ్డి ఆ చదును కప్పు మీద ఓ మూల ఉంటే, దాంట్లో పొదిగే కోడిలా గుంట చేసుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. మూడు రోజుల క్రితం కాలవలోంచి జుట్టు పట్టి లాగితే బయటపడిన మనిషి. రొమ్ములో క్షయ, నెత్తురులో షుగర్, చెవుల్లో ఎవరివో మాటలు. అంత నీరసం మనిషి అంత బరువు నిచ్చెనను ఎలా లాగిందో ఎవరికీ అంతుపట్టలేదు.

కోపం లాగి ఉంటుంది, అనుకుంది జూరా. ఈ ఇంట్లో ఇప్పుడు కొదవ లేనిది అదొక్కటే.

జూరా ఆ ఇంటి కోడలు. అపా అంటే అమ్మ, ఇంటిల్లిపాదీ ఆమె అత్తగారిని పిలిచే పిలుపు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఏప్రన్ జేబులో ఇన్సులిన్ సూది పెట్టుకుని పాక గోడ పక్కన నిలబడింది. నిన్న మధ్యాహ్నం నుంచి అత్తగారికి సూది పడలేదు. రొట్టె గుడ్డలో చుట్టి పైకి విసిరితే రెండుసార్లూ తిరిగొచ్చింది. రెండోసారి సరిగ్గా నుదుటికి తగిలింది. ముప్పయ్యేళ్లు చిన్నపిల్లలకి చదువు చెప్పిన చెయ్యి, గురి తప్పలేదు.

వాకిట్లో లారీ సిద్ధంగా ఉంది. గుడారం కర్రలు, ఉన్ని తివాచీలు, పాల తోలుతిత్తులు అన్నీ ఎక్కించారు. జూరా మొగుడు సత్తార్ తాళ్లు బిగిస్తున్నాడు. బిగించిందే మళ్లీ బిగిస్తున్నాడు.

గడప ముందు ముక్కాలిపీట మీద పెద్దమామ కూర్చున్నాడు. చనిపోయిన మామగారికి అన్న. తెల్ల ఉన్నిటోపీ, మోకాలి మీద కొరడా, పక్కన ఒక గాజుసీసా. సీసాలో కొండ ఎలుగ్గొడ్డు కొవ్వు, సగానికి సగం తేనె.

"దిగమని చెప్పు కోడలా," అన్నాడాయన. "మధ్యాహ్నం దాటితే మంచు కరిగి వాగు లేస్తుంది. బండి దాటదు."

వేసవి మేతబయలుకు తీసుకుపోతే అన్నీ కుదురుతాయని ఆయన నమ్మకం. పులిసిన గుర్రప్పాలు, కొండగాలి, ఈ కొవ్వు. వాళ్ల చిన్నాన్నకు దోసిళ్లతో నెత్తురు పడుతుంటే ఇదే పెట్టి బాగుచేశారట. ఎనభై ఏళ్లు బతికి, ముగ్గుర్ని పెళ్లాడి పోయాడట.

సూదిమందు చల్లగా ఉండాలని, పైన ఫ్రిజ్ లేదని జూరా తలొంచుకునే చెప్పింది. వాగు కంటే చల్లనిది మీ ఫ్రిజ్జా అన్నాడాయన. ఆ కొవ్వులో తేనె ఉందని, తేనె పడితే షుగర్ కళ్లలోకి ఎక్కుతుందని చెప్పింది.

"మా చిన్నాన్నకి ఎక్కలేదే?"

"ఆయనకి షుగర్ లేదు, పెద్దమామా."

"అప్పట్లో ఎవరికీ లేదు. డాక్టర్లొచ్చాకే వచ్చింది."

గోడ అవతల నుంచి చూస్తున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఈ రెండు నెలలుగా జూరా చూస్తున్నది ఇదే. ఒక జబ్బుకు మందనుకున్నది ఇంకో జబ్బుకు మేత. దగ్గుకు బలం కావాలని కొవ్వు తినమంటారు, షుగర్ డాక్టరు కొవ్వు మానమంటాడు. ఆకలి చచ్చి తిండి మానేస్తే సూది వేసినా ప్రమాదం, వేయకపోయినా ప్రమాదం. ఎందుకు తినదూ అంటే బుర్ర బాగోలేదంటారు. బుర్ర సంగతి అడిగితే ముందు రొమ్ము బాగుచేయించుకు రమ్మంటారు.

అప్పుడు వచ్చింది మైరమ్. ఊరి నర్సు. ఊళ్లో పిల్లా పెద్దా అందరూ ఆవిడను ఎజే అనే పిలుస్తారు, అందరికీ అక్కే. చేతి సంచిలో అపా మాత్రలు. రోజుకు పద్నాలుగు. ఎదురుగా నిలబడి మింగించి, నోరు తెరిపించి చూసి, కాగితం మీద గీత పెట్టుకుని పోవడం ఆవిడ పని. కాలవ నాటి నుంచి ఆ గీతలు లేవు.

మైరమ్ కప్పు వైపు చూసి, పెద్దమామకు సలాం చెప్పి, జూరాను పొయ్యింటి చాటుకు తీసుకుపోయింది.

"క్షయ డాక్టరమ్మకి కాలవ సంగతి చెప్పాను. ఒకటే అడిగింది. ఇదివరకెప్పుడైనా ఇలా మనసు చెదిరిందా అని."

జూరా ఏప్రన్ జేబులో సూదిని తడిమి చూసుకుంది.

"మందు మొదలుపెట్టేటప్పుడు నింపిన కాగితంలో లేదని ఉంది. లేదు అన్న గడిలో టిక్కు నువ్వే పెట్టావు, నా ఎదురుగా పెట్టావు. అందుకని నిన్నే అడుగుతున్నా." మైరమ్ సంచిలోంచి ఒక క్యాప్సూల్ తీసి అరచేతిలో పెట్టి చూపింది. పాత మందులకు లొంగని క్షయ అని తేలాక, రెండు నెలల కిందట మొదలుపెట్టిన వాటిలో ఇదొకటి. మంచి మందే. కానీ కొందరికి తలకెక్కుతుంది. ముందే ఒకసారి మనసు చెదిరినవాళ్లకు అసలు ఇవ్వరు. ఆ గడి ఉన్నది అందుకే.

"అది అప్పుడే చెప్పొచ్చుగా, ఎజే," అంది జూరా.

"అప్పుడు నాకూ తెలీదు. గడి నింపమన్నారు, నింపించాను. నిన్న డాక్టరమ్మే ఫోన్లో చెప్పింది."

రెండు నెలలు. రోజూ ఉదయం, మైరమ్ చూస్తుండగా, ఆ క్యాప్సూల్‌ను రొట్టెముక్కలో పెట్టి, బుజ్జగించి, కన్నబిడ్డకు పెట్టినట్టు పెట్టింది తనే. ఆ తర్వాతే కదా చెవుల్లో మాటలు మొదలైంది.

జూరా వాకిట్లోకి వచ్చి లారీ వెనక్కి నడిచింది. సత్తార్ ఆమె మొహం చూసి తాడు వదిలేశాడు. మైరమ్ చెప్పిందంతా జూరా అతనికి చెప్పింది.

మూడేళ్ల కిందట మామగారు పోయాక అపా బడిలో నల్లబల్ల వైపు తిరిగి, ఒక పూటంతా పిల్లలకు వీపు పెట్టి నిలబడిపోయింది. పింఛనుకు ఇంకా ఏడాది ఉంది. పిచ్చాసుపత్రి జాబితాలో ఒకసారి పేరెక్కితే అది దిగదు, అలాంటి మనిషిని బడి గడప తొక్కనివ్వరు. అపా చెల్లెలు సెయిల్‌కాన్ ఆ ముందు చలికాలమే పోయింది. సర్కారుకు తిరిగి అప్పగించాల్సిన, ఆవిడ గుర్తింపు కాగితమైన పాస్‌పోర్టు పెట్టె అడుగునే ఉండిపోయింది. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకే అచ్చు. సత్తార్ ఆ పాస్‌పోర్టు పట్టుకుని తల్లిని పట్నం తీసుకుపోయాడు. ఆరు వారాలు అపా అక్కడ చచ్చిపోయిన చెల్లెలి పేరుతో పడుకుని, చెల్లెలి పేరుతో పిలిస్తే లేచి, చెల్లెలి పేరు మీద మందులు మింగి, కుదుటపడి ఇంటికి వచ్చింది. బడికి వెళ్లింది. పింఛను తీసుకుంది. తెలివైన పని చేశామని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. జూరా కూడా అనుకుంది.

కాగితాల ప్రకారం ఆ జబ్బు సెయిల్‌కాన్‌కు వచ్చింది. అపాకు రాలేదు. అందుకే జూరా ఆలోచించకుండానే టిక్కు పెట్టేసింది.

లారీ వెనక ఇద్దరి మధ్యా జరిగింది గొంతు పెంచని పోట్లాట. ఊరు వింటోందని ఇద్దరికీ తెలుసు. చచ్చినవాళ్ల పాస్‌పోర్టు వాడాడని తెలిస్తే కేసు పెడతారని, లైసెన్సు పోతుందని, పట్నం రూటు మీద తన బండి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుందని సత్తార్ అన్నాడు. ఆ ఒక్క క్యాప్సూల్ చాటుగా తీసి పారేద్దాం, ఎవరికీ చెప్పక్కర్లేదన్నాడు.

"పదమూడు మింగించి ఒకటి పారేస్తావా? ఎన్ని తీసేయాలో, దాని బదులు ఏదివ్వాలో నీకు తెలుసా? క్షయ ఆ సందులోంచే దూరుతుంది."

"అయితే కొండకే పోనీ. పైన ఏ మాత్రా ఉండదు."

"ఏ మాత్రా లేకపోతే ఎన్నాళ్లుంటుంది?"

తల్లికి మంచి చేద్దామని చేసిన పని, జూరా, అన్నాడు సత్తార్ చివరికి. ఆ మాట నిజమే. నిజం కాబట్టే ఆమెకు ఒళ్లు మండింది. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. మంచికని చేసి, భయపడి, నోరు మూసుకున్నవాణ్ణి ఏమని తిట్టాలి?

"నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

అతను తాడు ముడి వైపు చూశాడు.

జూరా వాకిటి మధ్యకు వచ్చింది. పద్నాలుగేళ్లుగా ఆ వాకిట్లో ఆమె గొంతు పెద్దల ముందు పైకి లేవలేదు. అత్తవారి వైపు పెద్దల పేరు ఒక్కటి కూడా ఆమె నోట రాలేదు, కోడలన్నది పలకకూడదు. పలికితే పుట్టింటివాళ్లకు పెంపకం తెలియదంటారు. ఆసుపత్రిలో కూడా పేరు అడిగితే పక్కనున్న మైరమ్ చెప్పేది.

"మైరమ్ ఎజే, రాసుకో," అంది. "ఆ గడిలో నేను పెట్టిన టిక్కు అబద్ధం. మూడేళ్ల కిందట పట్నం పిచ్చాసుపత్రిలో ఆరు వారాలున్న సెయిల్‌కాన్, ఈ కప్పు మీద కూర్చున్న బురుల్‌కాన్, ఇద్దరూ ఒకరే."

గోడ అవతల గుసగుసలు తెగిపోయాయి. లారీ పక్కన సత్తార్ కళ్లు మూసుకున్నాడు.

పెద్దమామ నెమ్మదిగా లేచాడు. మొహంలో ఎరుపు మెడలోకి దిగింది.

"అత్త పేరు నోటితో పలికావు. చచ్చినదాని పేరు కూడా పలికావు. ఇంకెవరి పేరు మిగిలింది? నాదీ పలుకు, సరిపోతుంది."

"అవసరమైతే పలుకుతాను."

"ఏడు తరాల తాతల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వాళ్లకు గాని, వాళ్లు తెచ్చుకున్న కోడళ్లకు గాని బుర్ర తిరిగిన దాఖలా లేదు ఈ వంశంలో."

"తిరిగినా మీకు చెప్పి ఉండరు."

ఆయన కొరడా చేత్తో పట్టుకున్నాడు గాని ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననిపించింది జూరాకు. ఎత్తకపోయేసరికి ఆమెకు లోపల ఉన్నదంతా నోటికొచ్చింది.

"నిన్న మొక్కు గొర్రెను కోశారు. తొడ ఎవరికి, తుంటి ఎవరికి, తల ఎవరికి అని వరస తప్పకుండా పంచారు. డాక్టర్లూ మా అత్తను అలాగే పంచుకున్నారు. రొమ్ము ఒకడిది, నెత్తురు ఒకడిది, బుర్ర ఇంకొకడిది. ఎవడి వాటా వాడు చూసుకుంటాడు, పక్కవాడి వాటా ముట్టడు. మీరేమో కొవ్వు సీసా పట్టుకొచ్చి మీ వాటా అడుగుతున్నారు. గొర్రెనైనా చచ్చాక పంచుతారు, పెద్దమామా."

పాకలో ఆవు ఒకటి గొలుసు లాగిన చప్పుడు.

మైరమ్ అప్పటికే ఫోను తీసి, సిగ్నలు అందే గోడ మూలకు నడిచింది. డాక్టరమ్మ పలికాక జరిగింది చెప్పి, అందరికీ వినిపించేలా ఫోను గొంతు పెంచి జూరా చేతికిచ్చింది. ఆ క్యాప్సూల్ ఈ క్షణం నుంచి ఆపమంది డాక్టరమ్మ. మిగతావి మానవద్దంది. ముందు షుగర్ చూసి సూది వేయమంది. రేపు పొద్దున్నే తీసుకురమ్మంది.

"ఎక్కడికి తీసుకురాను?" అంది జూరా. "మీ దగ్గరకొస్తే బుర్ర డాక్టరు కాగితం కావాలంటారు. అక్కడికి పోతే రొమ్ము శుభ్రమని కాగితం కావాలంటారు. మధ్యలో రోడ్డు మీద ఎన్నాళ్లు పెట్టమంటారు?"

మా దగ్గర మనసు డాక్టరు లేడు, వాళ్ల దగ్గర క్షయకు విడి గది లేదు, అది నేను కట్టిన పద్ధతి కాదమ్మా అంది ఆవిడ, అలసిపోయిన గొంతుతో. అయితే తన వార్డు చివర ఒక గది ఖాళీ అవుతోంది. పట్నం నుంచి మనసు డాక్టరును వారానికోసారి రప్పిస్తే రప్పించవచ్చు. కానీ అప్పట్లో ఏ మందులు పనిచేశాయో తెలియాలి, ఆ పాత కాగితాలు కావాలి. అవి చనిపోయినావిడ పేరు మీద ఉన్నాయి కాబట్టి, ఇద్దరూ ఒకరేనని తీసుకెళ్లినవాడు రాసి సంతకం పెట్టాలి. రాస్తే తాను గది అడుగుతుంది. రాయకపోతే అడగడం కుదరదంది.

ఫోను ఆగిపోయింది. అందరూ సత్తార్ వైపు తిరిగారు.

మైరమ్ తన గీతల కాగితాల అట్టలోంచి ఒక తెల్లకాగితం చించి లారీ ముందు రేకు మీద పెట్టింది. పెన్ను పెట్టింది. పెద్దమామ కొరడాను అరచేతిలో తడుతూ చూస్తున్నాడు. ఆయన మాట కాదని సత్తార్ ఇంతవరకు గొర్రెనైనా అమ్మలేదు.

సత్తార్ పెన్ను తీసుకున్నాడు. మొదటి ముక్క రాసి ఆగాడు. చెమట తుడుచుకున్నాడు. మళ్లీ రాశాడు. ఆరు వరసలు రాయడానికి అతనికి గుర్రానికి లాడం కొట్టేంత సేపు పట్టింది. సంతకం పెట్టి, జూరా వైపు చూడకుండా, కాగితం మైరమ్‌కు ఇచ్చాడు.

"వాగు పెరుగుతోంది," అన్నాడు పెద్దమామ, ఎవరితోనో అన్నట్టు.

జూరాకు ఏడవాలనిపించింది. ఏడవడానికి వీల్లేదు, షుగర్ చూడాలి. మిషను తీయడానికి లోపలికి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి మైరమ్ కప్పు వైపు చెయ్యి చూపిస్తోంది. గడ్డిలో గుంట ఖాళీగా ఉంది.

నిచ్చెన పాక వెనక వైపు దించి ఉంది.

అపా పాక మూల తిరిగి వస్తోంది. జుట్టు నిండా గడ్డిపరకలు, ఒక కాలికి జోడు లేదు. ఎవరినీ చూడకుండా తిన్నగా లారీ దగ్గరకు నడిచి, తలుపు తీసి, మెట్టు మీద కాలు పెట్టి, ఆయాసపడి, మళ్లీ పెట్టి ఎక్కి డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంది.

జూరా వెళ్లి కిటికీ పట్టుకుంది. అపా, గది దొరుకుతోంది, ఒకే గదిలో అన్నిటికీ చూస్తారు, ఆ చెడ్డ మాత్ర ఆపేశారు అని గబగబా చెప్పింది.

అపా ఆమె మొహంలోకి చూసింది. రెండు నెలల్లో అలా చూడటం ఇదే మొదలు. కళ్లు తేటగా ఉన్నాయి.

"నన్ను ఆరు వారాలు సెయిల్‌కాన్ అని పిలిచారు, అమ్మాయ్. పలక్కపోతే మందు పెంచేవాళ్లు. చచ్చినదాని పేరుకి 'ఆఁ' అని అని, ఒక రోజు దాన్నే అయిపోయాను. అప్పటి నుంచి అది నా వెనకే ఉంది. ఇప్పుడు వాకిట్లో నిలబడి అందరూ దాన్ని మళ్లీ పిలిచారు. నువ్వే పిలిచావు."

"నిన్ను బతికించుకోవడానికి..."

"కొండ పైన నాకు ఒకటే పేరు." అపా కొడుకు వైపు తిరిగింది. "నాయనా, పోనియ్యి."

అంత కుదురైన మాట ఆ నోటి నుంచి విని ఎన్నాళ్లయిందో. గోడ అవతల ఎవరో అయ్యో అన్నారు. పెద్దమామ సీసా చంకన పెట్టుకుని లారీ వెనక ఎక్కడానికి నడిచాడు. "విన్నావుగా," అన్నాడు పోతూ పోతూ. "మనిషి నోరు తెరిచి అడుగుతోంది. పిచ్చిదని రాయించింది నువ్వు."

జూరా కిటికీలోంచి చెయ్యి పెట్టి అపా వేలు పట్టుకుంది. అపా గుంజుకోలేదు. చెవులు కుట్టించుకునే బిడ్డ చెవి ఇచ్చినట్టు ఇచ్చింది. సూదిమొనతో గుచ్చి, చుక్క తీసి, మిషనుకు పెట్టింది. మిషను అంకె చూపించలేదు. అంకెలు చాలనంత ఎక్కువైతే అది చూపించే ఒకే ఒక మాట చూపించింది.

ఇది అపా మాటా? ఆ క్యాప్సూల్ మాటా? ఎక్కిన షుగర్ మాటా? లేక ఇంట్లో అందరికంటే సరైన మాట ఇదేనా? జూరాకు తెలియలేదు. తెలియజెప్పగలవాళ్లు ఊళ్లో లేరు. తెలిసేదాకా ఆగే వాగు కాదది.

సూది మాత్రం వేసింది. అపా వేయనిచ్చింది. వేయనిచ్చి, మళ్లీ కొడుకుతో అదే మాట అంది.

సత్తార్ లారీ ఎక్కాడు. తల్లి మొహం చూశాడు, అద్దంలో పెదనాన్నను చూశాడు. మైరమ్ చేతిలో కాగితం గాలికి రెపరెపలాడుతోంది. తాళంచెవి తిప్పాడు.

ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది.

జూరా వెళ్లి లారీకి ఎదురుగా నిలబడింది. రెండు చేతులూ రేకు మీద ఆనించింది. రేకు వేడెక్కుతోంది. అద్దం వెనక అపా పెదవులు కదులుతున్నాయి, ఎవరితో మాట్లాడుతోందో తెలియడం లేదు. పక్కన సత్తార్ జూరానే చూస్తున్నాడు.

"దిగు," అంది జూరా.

అతను దిగలేదు. ఇంజనూ ఆపలేదు.